తెప్ప మీద పిందె

ఇంకా చుక్కలు పోలేదు. పేరయ్య చెవి వెనక కోడి ఈక పెట్టుకుని దోసపాదుల మధ్య వంగి నడుస్తున్నాడు.

ఎడమచేత్తో ఆకు ఎత్తుతాడు. కింద మగపువ్వు విచ్చుకుని ఉంటే చెవి వెనక నుంచి ఈక తీసి దాని నడుమ ఒకసారి తిప్పుతాడు. ఈక కొసకి పసుప్పచ్చని పొడి అంటుతుంది. పక్కకి అడుగు వేసి ఇంకో ఆకు ఎత్తుతాడు. అక్కడ ఆడపువ్వు ఉంటే, అంటే పువ్వు కింద చిటికెనవేలంత పిందె ఉంటే, ఈక కొసని దానికి ఆనిస్తాడు. ఆనించి, కాస్త ఆగి, తీస్తాడు. మాట లేదు. మళ్ళీ ఇంకో ఆకు.

నిజానికి ఇది తేనెటీగల పని. ఎండలు ముందుకు జరిగాక పువ్వులు చీకటితోనే విచ్చుకుని పొద్దెక్కేసరికి వడిలిపోతున్నాయి. ఈగ వచ్చే వేళకి పువ్వు ఉండదు. పువ్వు ఉన్న వేళకి ఈగ ఉండదు. వరసగా కొన్నేళ్ళు పిందెలన్నీ పండుబారి రాలిపోతుంటే చూసి చూసి, ఇసుకవాళ్ళు ఈ పని తమ చేతుల్లోకి తీసుకున్నారు. తీసుకున్నది అందరూ అయినా పేరయ్య చేతికే అది బాగా అబ్బింది. ఆయనకి పెళ్ళి కాలేదు. పువ్వులకి మాత్రం రోజూ చేస్తాడు గనక పెళ్ళిళ్ళ పేరయ్య అన్నారు. కొన్నాళ్ళకి పెళ్ళిళ్ళు ఊడిపోయి పేరయ్య మిగిలింది. అమ్మ పెట్టిన పేరు వేరే ఏదో ఉండేది. పిలిచేవాళ్ళు పోయాక అది ఆయనకే అలవాటు తప్పింది.

ఇసుకవాళ్ళు అన్నది గట్టు మీది వాళ్ళు పెట్టిన పేరు. గట్టు మీద పొలాలున్నాయి, సరిహద్దు రాళ్ళున్నాయి, బావులున్నాయి. వీళ్ళకి ఏరు తీశాక బయటపడే ఇసుక తప్ప ఏమీ లేదు. అది కూడా ఏటా చోటు మారుతుంది. ఇసుకలో గొయ్యి తీసి, పెంట పోసి, గింజ పెట్టి, ఏరు మళ్ళీ నిండేలోగా కాయ కోసుకోవాలి. ఉన్నవి గుప్పెడు ఇళ్ళు. ఇంట్లో మాట్లాడుకునే మాట కూడా వేరు. సంతలో ఆ మాట వస్తే పక్కవాళ్ళు నవ్వుతారని గొంతు తగ్గిస్తారు. పొలం లేనివాడు రైతేంటి అని గట్టువాళ్ళు అంటారు. అంటూనే కాయలు కొంటారు.

తూర్పున తెలుపు తిరుగుతుండగా పాయ దాటి తమ్ముడి కోడలు వచ్చింది. తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూనే పలకరించింది.

"పెద్దమామయ్యా, దోసకాయల పెళ్ళిళ్ళన్నీ అయ్యాయా? మన పిల్లని చూశావా?"

"ఇంకా లేదు."

"ముహూర్తం దాటిపోతే పూచీ నీదే."

పేరయ్య ఈకని మళ్ళీ చెవి వెనక పెట్టుకుని తెప్ప వైపు నడిచాడు. కోడలు గొడుగు చంకలో పెట్టుకుని వెనకే వచ్చింది.

తెప్ప ఇసుక మీద కూర్చుని ఉంది. నాలుగు ఖాళీ పీపాలు, వాటి మీద వెదుళ్ళు, వెదుళ్ళ మీద గోనెసంచులు, సంచుల్లో పెంట కలిపిన ఇసుక. ఆ ఇసుకలో ఒక్కటే పాదు. తెప్ప నుంచి లావుపాటి మోకు వెళ్ళి, లోతుగా దిగ్గొట్టిన గుంజకి కట్టి ఉంది.

"ఏరు లేస్తే పాదు కూడా లేవాలి" అని ఈ కోడలే దాన్ని కట్టించింది. అప్పుడు పేరయ్య నవ్వాడు. "పాదుకి ఈత నేర్పుతావా" అన్నాడు. ఏడాదికి ఆయన మాట్లాడే కాసిని మాటల్లో అదొకటి గనక అందరూ గుర్తు పెట్టుకున్నారు. ఆ తర్వాత, నెత్తిన మబ్బుతునక కూడా లేని ఒక వేకువన, ఎక్కడో పైన కురిసిన వానకి రాకూడని నెలలో ఏరు వచ్చింది. గుంతలన్నిటినీ ఇసుకతో పూడ్చేసింది. కాయలు దాచుకున్న పాకని ఎత్తుకుపోయింది. తెప్ప మాత్రం మోకు పొడవునా లేచి, నీళ్ళు తీశాక మెల్లగా వచ్చి కూర్చుంది. తీగ పక్కన పేరయ్య కూడా దాని మీదే ఉన్నాడు. పడవ వేసుకొచ్చిన వాళ్ళు తిట్టిన తిట్లన్నీ విన్నాడు. విని, "వచ్చేసింది దీనికి ఈత" అన్నాడు.

ఆ నీళ్ళతో అందరూ ఇళ్ళు విప్పుకుని పాయకి అవతల మెరక మీదికి మారిపోయారు. పనులు కూడా మార్చుకున్నారు. ఏరు ఎప్పుడు తీస్తుందా అని గింజలు పట్టుకుని కూర్చోవడం మానేశారు. మెరక మీద పాత డబ్బాల్లో నారు సిద్ధంగా ఉంటుంది. ఇసుక బయటపడిన రోజే నాటేస్తారు. ఒక్కసారే కాదు, విడతలు విడతలుగా. ఒక విడతని ఏరు పట్టుకుపోతే ఇంకో విడత తినడానికి మిగలాలి. పేరయ్య అన్నిటికీ తల ఊపాడు. ఇల్లు మార్చమన్నప్పుడు మాత్రం ఊపలేదు. ఏడాదికింత కోసుకుపోతున్న పాత తిన్నె మీద ఆయన గుడిసె ఒక్కటే మిగిలింది.

తెప్ప మీది తీగ రాతిగుమ్మడి. పేరుకి తగ్గట్టే కాయ రాయిలా ఉంటుంది. మనిషి ఎక్కి కూర్చున్నా పగలదు. మూల పడేస్తే మళ్ళీ ఏరు తీసేదాకా చెడదు. పంట పోయిన ఏడు ఇసుకవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు తిని పెరిగింది ఆ కాయే. కాలే ఇసుకలో వేరు దింపగల గుమ్మడి ఇంకోటి లేదు. దాచుకున్న కాయలు, వాటిలోని గింజలు పాకతో పాటే పోయాయి. ఇప్పుడు ఈ తీగ కాయాలి, ఆ కాయలో గింజ రావాలి. రాకపోతే రాతిగుమ్మడి మాట చెప్పుకోవడానికే మిగులుతుంది.

తీగేమో ఎండకి మగపూలే పూసింది. రోజూ రెండో మూడో విచ్చుకోవడం, పెళ్ళికూతురు లేక మధ్యాహ్నానికి రాలిపోవడం. కోడలు చాప కట్టి నీడ చేసింది. పేరయ్య పొద్దువాలాక నీళ్ళు మోశాడు. చివరికి తీగకి జాలేసిందో ఏమో, ఒక ఆడమొగ్గ వేసింది. తీరా అది వచ్చేసరికి మగమొగ్గలు అయిపోయి ఒక్కటే మిగిలింది.

నిన్న సాయంత్రం పేరయ్య రెండు మొగ్గల మూతులకీ దారం చుట్టాడు, వేరే పాదుల పొడి లోపలికి పోకుండా. మగమొగ్గ వేడికి తట్టుకోలేదేమోనని భయం వేసింది. పాత చొక్కా చింపి, పేలిక తడిపి, దానికి చుట్టాడు. ఎందుకైనా మంచిదని ఇంకో చుట్టు చుట్టాడు.

ఇప్పుడా పేలిక విప్పాడు. రేకులు నానిపోయి వేళ్ళకి అంటుకున్నాయి. లోపల పొడి పొడిగా లేదు, ముద్దయింది. ఆ ముద్ద కూడా పువ్వులో మిగలకుండా గుడ్డకి పట్టేసింది. పసుప్పచ్చని మరక, అరచేతి వెడల్పున.

కోడలు వంగి చూసింది.

"పెళ్ళికొడుక్కి స్నానం చేయించావా మామయ్యా?"

"ఎక్కువైంది."

పేలికని దులిపి గుంజకి కట్టాడు. పారేయడానికి మనసు రాలేదు. కోడలు ఇక నవ్వలేదు. ఆడమొగ్గ దారం కింద ఉబ్బి, విచ్చుకోవడానికి తొందరపడుతోంది. ఎండ ఎక్కితే అది కూడా అయిపోతుంది.

"పడవత్త ఇంటి కప్పు మీద రాతిగుమ్మడే కదా" అంది కోడలు. "అన్నీ మగపూలే, ఒక్క పిందె లేదని మొన్న తిట్టుకుంటోంది."

"తెలుసు."

"మరి వెళ్ళు."

పేరయ్య కదల్లేదు.

"పోనీ నేను వెళ్ళి అడగనా?"

ఆయన పాయ వైపు చూశాడు, మొగ్గ వైపు చూశాడు. "నువ్వు నీడ పట్టు" అని నీళ్ళలోకి దిగాడు.

పడవత్త అంటే పడవవాడి భార్య. పేరయ్యకి మేనత్త కూతురు. ఇద్దరికీ ఈడు వచ్చిన రోజుల్లో మేనత్త ఇంటికి వచ్చి కూర్చుని, "ఏరా, మా పిల్లని చేసుకుంటావా?" అని అడిగింది. పేరయ్య చెబుదామనే అనుకున్నాడు. మాట కాస్త కుదిరాక చెప్పొచ్చులే అని పాదులకి నీళ్ళు పోయడానికి వెళ్ళాడు. పోసి వచ్చేసరికి మేనత్త వెళ్ళిపోయింది. ఆ ఏడు ఏరు నిండేలోగా మరదలు పాయ దాటి పడవవాడి ఇంటికి కాపురానికి వెళ్ళింది. వెళ్తూ కొంగున రాతిగుమ్మడి గింజలు కట్టుకుపోయింది. పడవవాడు మంచివాడు. తెడ్డు వేస్తూ పాటలు పాడేవాడు. పేరయ్యకి కూడా అతనంటే ఇష్టమే. అతను పోయి చాలా కాలమైంది. పాత తిన్నె మీద కూర్చుంటే పాయ అవతల మరదలి పొయ్యి మంట కనిపిస్తుంది. అందరూ మారినా పేరయ్య మారకపోవడానికి కారణం అదే. ఇక్కడి నుంచైతే చూస్తే చాలు. అక్కడికి పోతే మాట్లాడాలి.

మరదలు గుడిసె ముందు ఊడుస్తోంది. కప్పు నిండా తీగ పాకింది. చీకటి పూర్తిగా వదలని ఆకుల మధ్య పసుప్పచ్చని పూలు, గిన్నెలు బోర్లించి మరిచిపోయినట్టు. అన్నీ పొడుగు కాడల మగపూలే.

"ఏం బావా, నడుం దాకా తడిసి వచ్చావు? ఏం మునిగింది?"

"ఏమీ మునగలేదు."

"మరి?"

"సంబంధం కోసం వచ్చా."

చీపురు ఆగింది. మరదలు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఆయన చూపు ఎటుందో చూసింది. నవ్వు రాకుండా పెదవులు బిగించి, పీట తెచ్చి వేసింది.

"కూర్చో. సంబంధం అడగడానికి వచ్చినవాళ్ళు నిలబడి మాట్లాడకూడదు."

"పొద్దెక్కుతోంది."

"అది మీ తొందర. మేం మగపెళ్ళివాళ్ళం. మాకేం తొందర?"

పేరయ్య కూర్చున్నాడు. పంచె కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"పిల్ల ఎలా ఉంటుంది?"

"పచ్చగా."

"ఎంత ఎత్తు?"

బొటనవేలు చూపించాడు.

"గుణం?"

"మాట్లాడదు."

"పెంచినవాళ్ళ పోలిక. ఆస్తి?"

"తెప్ప."

"బాగుంది. నీళ్ళొస్తే ఎటు పోతుందో తెలియని ఆస్తి. అక్కడికి మావాడిని ఇల్లరికం పంపమంటావు."

"ఊఁ."

"పిల్లవాడికి కాపలా ఎవరు? తడిగుడ్డలో చుట్టి ఊపిరాడకుండా చేయరు కదా?"

పేరయ్య తలెత్తాడు. మాట పాయ ఎలా దాటిందో అర్థం కాలేదు. అవతల గొడుగు పట్టుకుని నిలబడ్డ కోడలు కనిపించింది. ఆ పిల్ల నిన్న సాయంత్రమే చెప్పి ఉంటుంది, మామయ్య పువ్వుకి పక్క దుప్పటి కప్పుతున్నాడని.

ఎండ గట్టు చెట్ల పైకొస దగ్గరికి వచ్చింది. పేరయ్య పీట మీద నుంచి లేచాడు.

"ఇవ్వు" అన్నాడు. "నీ దగ్గర అందరూ పెళ్ళికొడుకులే. నా దగ్గర ఒక్కతే పిల్ల. ఎవరిది వాళ్ళం దగ్గర పెట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి రెండూ రాలిపోతాయి. ఆ పైన చూసుకోవడానికి గింజ కూడా ఉండదు."

మరదలు కప్పు మీది పూల వైపు ఒకసారి చూసింది.

"ఇంత మాట నీ నోట్లో ఉందా బావా" అంది నెమ్మదిగా. "ఎక్కడ దాచావు ఇన్నాళ్ళూ?"

ఆయన కాళ్ళ కింద నీటి మడుగు చూసుకున్నాడు.

మరదలు చూరు కింద నిలబడి, కాడలు పొడుగ్గా ఉంచి, మూడు పూలు తుంచింది. ఒకడు అలిగితే ఇంకొకడు ఉండాలంది. తడి లేని డబ్బాలో పెట్టి మూత వేసింది. ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒక షరతు. ఇల్లరికం అంటే నేను ఒప్పుకోను. పిందె నిలిస్తే, ఈసారి నీళ్ళు వచ్చిన రోజు పెళ్ళికూతురు మా ఇంటికి రావాలి. తెప్ప, పాదు, పాదుకి కాపలా కాసే పెద్దమనిషి. అన్నీ."

పేరయ్య నోరు తెరిచాడు. మాట కుదరలేదు. కుదిరాక చెబుదామని ఈసారి అనుకోలేదు.

"వస్తా" అన్నాడు.

డబ్బాని నెత్తి మీద పెట్టుకుని పాయలో దిగాడు. నడిమధ్యలో కాలి కింద ఇసుక జారింది. చంకల దాకా మునిగాడు. డబ్బా మాత్రం రెండు చేతుల మీద పైనే ఉంది. తేరుకుని చూస్తే డబ్బా చుట్టూ ఏదో జుంయ్ మంటోంది. తేనెటీగ. ఒక్కటే. చాలా రోజుల తర్వాత కంటపడింది. పాయ పొడవునా వెంటే వచ్చింది.

"పిలవని చుట్టం" అన్నాడు దాంతో.

కోడలు గొడుగు రెండు చేతులతో పట్టుకుని, తన వీపు ఎండలో పెట్టి, మొగ్గకి నీడ ఇస్తోంది. పేరయ్య చేతులు ఇసుకలో రుద్ది, పంచె పొడిగా ఉన్నచోట తుడుచుకున్నాడు. డబ్బా మూత తీశాడు. మొదటి పువ్వు రేకుల్ని ఒక్కొక్కటిగా చించేస్తే నడుమ పసుప్పచ్చని బొడిపె మిగిలింది. వేలి మీద తట్టి చూశాడు. పొడి రాలింది. పొడి పొడిగా.

ఆడమొగ్గ దారం తెంపగానే అది ఊపిరి తీసుకున్నట్టు విచ్చుకుంది. లోపల తేమగా మెరుస్తోంది. గుమ్మడికి ఈక అక్కర్లేదు. కాడ పట్టుకుని, పసిబిడ్డ నోటికి పాలచుక్క అందించినట్టు, మగపువ్వు బొడిపెని లోపల ఆనించి చుట్టూ తిప్పాడు. రెండోది కూడా. మూడోది కూడా. ఆయన వేళ్ళు లావు, పగుళ్ళు తేలినవి. పువ్వు ఒక్కసారి కూడా వణకలేదు.

"ఏమంది పడవత్త?"

"ఇచ్చింది."

"అంతేనా?"

"నీళ్ళొస్తే రమ్మంది. తెప్పతో."

"నువ్వేమన్నావు?"

పేరయ్య పువ్వు రేకుల్ని కలిపి మూతికి కొత్త దారం చుడుతున్నాడు. ముడి వేసేదాకా చెప్పలేదు.

"వస్తానన్నా."

కోడలు ఇసుకలో కూలబడి నవ్వింది. గొడుగు పక్కకి దొర్లింది.

"నీడ, నీడ" అన్నాడు పేరయ్య.

పగలంతా మామూలుగానే గడిచింది. పూడిన గుంతలో ఇసుక తోడాడు. డబ్బాల్లో వచ్చిన రెండో విడత నారుని కోడలితో కలిసి దింపాడు. మధ్యాహ్నం మూట విప్పి తిని, చాప నీడలో తీగ పక్కనే ఒరిగాడు. మధ్యలో లేచి పిందెని చూశాడు. ఒక్కరోజులో ఏం తెలుస్తుంది? తెలుసు, అయినా చూశాడు.

సాయంత్రం కోడలు వెళ్ళిపోయాక తెప్ప అంచున కూర్చున్నాడు. అవతల పొయ్యి మంట లేచింది.

"ఏం వండావు?" అన్నాడు పిందెతో.

గొంతు బొంగురుగా వచ్చింది. దగ్గి సరిచేసుకున్నాడు.

"ఏం వండావు?"

ఈసారి పర్వాలేదు. ఇంకో రెండుసార్లు అని, పడుకోవడానికి లేచాడు.

కొన్నాళ్ళకి పిందె తొడిమ గట్టిపడింది. పువ్వు ఎండి రాలింది, పిందె రాలలేదు. బొటనవేలు పిడికిలయింది. పిడికిలి చెంబయింది. చెంబు కడవయింది. చర్మం మీద గోరు దిగడం మానేసింది. పేరయ్య రోజుకోసారి వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విని, తల ఊపేవాడు. సాయంత్రాలు దానితో కొత్త మాటలు కూడా అనేవాడు. "ఎండ బాగా ఉంది కదా." "కూర్చో, నేను తెస్తాలే." ఏది ఎప్పుడు పనికొస్తుందో తెలియదు.

ఏరు ఈసారి కూడా రావలసిన నెలకి ముందే వచ్చింది. ఎవరూ కేకలు పెట్టలేదు. పైన వానలని వినగానే దోసకాయలు కోసి మెరకకి చేర్చారు. తెల్లవారేసరికి తెప్ప ఒకసారి కదిలి, ఇసుకని వదిలి, నీళ్ళ మీద నిలబడింది. మెరక మీది వాళ్ళంతా దిగి వచ్చారు. కొందరు ముందు తాడు పట్టుకున్నారు, కొందరు వెనక చేతులు వేశారు. కోడలు పాదు పక్కన కూర్చుని, కాయకి ఒక చెయ్యి అడ్డం పెట్టి, అందరినీ అదిలిస్తోంది. పేరయ్య బొంత, పార, దీపం, నీళ్ళ డబ్బా తెప్ప మీద పెట్టాడు. పుట్టిన చోటు నుంచి పట్టుకుపోవడానికి ఉన్న సామాను అంతే. గుడిసెలోకి ఒకసారి తొంగి చూసి వచ్చి, గుంజ దగ్గర మోకు విప్పాడు.

నీళ్ళు గుండెల దాకా ఉన్నాయి. తెప్ప అంచు పట్టుకుని పక్కనే నడిచాడు. వెనక్కి చూడాలని ఉంది కానీ, చూస్తే అడుగు తప్పుతుంది. అవతల ఒడ్డున మరదలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"పెళ్ళికూతురు పైన, పెద్దమనిషి నీళ్ళలోనా? ఎక్కు బావా, బరువేం కాదు."

తెప్ప పాయ నడిమధ్యకి వచ్చింది. పేరయ్య గొంతు సరిచేసుకున్నాడు. లాగేవాళ్ళంతా ఏదో జారిందనుకుని ఆగారు.

"ఏం వండావు?" అని కేక వేశాడు.

తాడు పట్టుకున్నవాళ్ళు, వెనక తోసేవాళ్ళు, కోడలు, ఒకరిని చూసి ఒకరు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుకి తెప్ప ఊగింది.

"వచ్చి చూడు" అంది మరదలు.

పొద్దెక్కేసరికి పాత తిన్నె మీదికి నీళ్ళు పాకాయి. దోసపాదులు మునిగాయి. గుడిసె పునాది మునిగింది. తెప్ప కూర్చున్న గుంట పూడిపోయింది. ఏటి మధ్య గుంజ ఒక్కటే జానెడు పైకి కనిపిస్తోంది. దానికి కట్టిన చొక్కాపేలిక గాలికి ఆరి అట్టలా బిగుసుకుంది. దాని మీది పసుప్పచ్చని మరక అన్ని ఎండల తర్వాత కూడా వెలిసిపోలేదు.